చర్మయోగి

ఉద్యోగవిరమణానంతరము కొందఱు హోమియోపతి చదువుదురు; కొందఱు కాలనీ సంఘమునకు కార్యదర్శులై మురుగుకాలువలపై మహజరులు వ్రాయుదురు; మూడవ తెగవారు మాత్రము, ముప్పదియేండ్లు కాగితములు తప్ప మఱేమియు ముట్టని తమ చేతులను తేఱిపాఱ చూచుకొని, ఏదో యొక వస్తువును స్వయముగా నిర్మించిననే గాని జన్మ సార్థకము కాదని నిశ్చయించుకొందురు. మున్నేటికిని పాలేటికిని నడుమనున్న మా మెట్టసీమలో, 2022లో కృష్ణాజిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి మాఱినను ఎండలో మాత్రము వీసమెత్తు మార్పెఱుగని నందిగామలో, ఆ మూడవ తెగకు శిఖామణి యనదగిన మేష్టారొకరు కలరు. ఆయన చేపట్టినది తోలుపర్సు. ఒక్కటే పర్సు. మేము ఆయనను చాటున చర్మయోగి యందుము. ఆ సంగతి చెవిని పడినపుడు ఆయన కోపింపకపోగా కొంత నిటారుగా నడువసాగెను.

తోలు కొఱకు ఆయన జగ్గయ్యపేట పోవును. సుమారు 30 కిలోమీటర్ల ఆ ప్రయాణములో ప్రక్కసీటువానికి మోక్షము లేదు. పూర్వము బేతవోలైన ఆ యూరికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన వృత్తాంతముతో ఆరంభించి, చిల్లకల్లు వచ్చుసరికి తంగేటిచెక్కతోను కరక్కాయలతోను వారములకొలది నానవైచి తోలును పదునుచేయు విధానమునకు వచ్చును. క్రోము లవణములతో చిటికెలో పదునగు నేటి తోలును తలచుకొని నిట్టూర్చును. పొదనిండ పసుపుపచ్చగా పూచిన తంగేడును చూచి ఎవరైనను పూవును ముచ్చటపడుదురు. ఆయన గోరితో బెరడును గీరి వాసన చూచును.

పర్సులో నోటు మడతపడరాదనునది ఆయన ప్రథమ నియమము. కావున 177 మిల్లీమీటర్ల పొడవు గల వేయిరూపాయల నోటును బల్లపై పఱచి, అటునిటు అయిదేసి మిల్లీమీటర్లు మాత్రమే విడిచి, అట్టముక్కపై గీచి, ఆ కొలతకు తోలును రంపెతో కోసి, అంచులు నునుపుచేసి, ఇక రంధ్రములు పొడుచుటయే తరువాయి యనుకొనుచుండగా, 2016 నవంబరు 8 రాత్రి ఆ నోటే రద్దయ్యెను. ఊరంతయు పైకము కొఱకు బ్యాంకుల ముంగిట వరుసకట్టగా ఆయన కొలత కొఱకు వరుసకట్టెను. కొత్త రెండువేల నోటు 166 మిల్లీమీటర్లు! ఆ పదునొకండు మిల్లీమీటర్లు మనకు గోరంత, ఆయనకు కొండంత. మరల అట్ట, మరల జగ్గయ్యపేట. “ఏమండీ, నోటు కాస్త మడిస్తే ఏమైంది?” అనినందులకు ఆయమ్మతో మూడుదినములు మాటలు లేవట.

కుట్టుమిషను పేరెత్తిన ఆయనకు గిట్టదు. ఒకే దారమునకు మైనము రాచి, దాని రెండు కొనలకును రెండు సూదులు కట్టి, ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రమునను అటునుండి యొకటి, ఇటునుండి యొకటి దాటించి బిగింపవలెను. మిషనుకుట్టు ఒకచోట తెగిన వరుసగా విడిపోవచ్చును గాని, ఈ కుట్టున ఒకటి తెగినను ప్రక్కది చలింపదు. ఇందులో అసత్యమేమియు లేదు. అయితే టీకొట్టు బల్లపై, చూపుడువ్రేళ్లే సూదులుగా ఈ సంగతిని అభినయించి చూపి, చివర దారము బిగించుటకై ఆయన బారచాచినపుడు, కుడిమోచేయి నా గ్లాసునకును, ఎడమమోచేయి ప్రక్కవాని దవడకును తగులుట నియతము. టీ డబ్బులు మాత్రము ఫోనుతో చెల్లించును. పర్సు ఇంకను తయారుకాలేదు గదా!

2023 సంక్రాంతికి అయినది. బస్టాండు వేపచెట్టుక్రింద చెప్పులు కుట్టు పెద్దాయనకే దానిని మొదట చూపెను. దారమునకు మైనమెట్లు పట్టింపవలెనో ఆయనకే ఇన్నాళ్లు బోధించుచు వచ్చినవాడు గదా. పెద్దాయన ఒడిలోని చెప్పును ప్రక్కనుంచి, చేతులు తుడుచుకొని, పర్సును వెలుతురునకు త్రిప్పి, అంచు వెంబడి బొటనవ్రేలితో ఒక ప్రదక్షిణము చేసెను.

“కుట్టు చాలా బాగుంది మేష్టారూ. నాలుగు పక్కలా ఒకే తీరుగా వచ్చింది. మరి డబ్బులు ఏ పక్కనుంచి పెడతారు?”

మేష్టారు పర్సును పుచ్చుకొని తానును ఒక ప్రదక్షిణము చేసెను. ధ్యానములో మూతికూడ కుట్టుపడినది. లోపల, కొలత సరిచూచుటకై పెట్టిన రెండువేల నోటు! “ఒక పక్క విప్పమంటారా?” అని పెద్దాయన ఆరెత్తగా, ఆయన రెండు చేతులతో పర్సును కప్పుకొనెను. ఒకటి తెంపిన విడిపోవు కుట్టా అది? ఆ అంచున ఒక్కొక్కటినే తెంపుకొని పోవలెను.

ఆ మే 19న రిజర్వుబ్యాంకు రెండువేల నోటును చలామణినుండి ఉపసంహరించుచున్నట్లు ప్రకటించినది. అక్టోబరు 7తో బ్యాంకులలో మార్చుకొను గడువును ముగిసినది. ఆయనకు చేతులాడలేదు. నోటు చెల్లకపోలేదనియు, హైదరాబాదులోని రిజర్వుబ్యాంకు కార్యాలయమున ఇచ్చుకొనవచ్చుననియు ఎవరో చెప్పగా, కుట్టు విప్పకయే లోపలి నోటును జమకట్టుకొందురేమో కనుగొనుటకై, మొన్న తెల్లవారుజామున పర్సును రుమాలులో చుట్టుకొని హైదరాబాదు బస్సెక్కెను.