తైలవర్ణ సాధకుడు

ఉద్యోగ విరమణ తరువాత కొందరు పెద్దమనుషులు తీర్థయాత్రలకు బయలుదేరితే, కొందరు తైలవర్ణాలలో రూపచిత్రాలు వేయడానికి ఉపక్రమిస్తారు. వీరిలో కుటుంబాన్ని ఎక్కువ శ్రమపెట్టేది రెండవ వర్గమే. తైలవర్ణమంటే రంగుపొడిని అవిసె నూనెలో నూరి చేసినది. ఈ నూనె నీటివలె ఆవిరై పోక, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక చిత్రాన్ని రోజుల తరబడి దిద్దుకోవచ్చు. సాధకుని ఇంట ఏ చిత్రమూ పూర్తి కాకపోవడానికి ఈ సౌలభ్యమే మూలం.

సిద్ధాంతంలో అతనికి లోటు లేదు. నూనె తక్కువగా ఉన్న పొర మీదనే నూనె ఎక్కువగా ఉన్న పొర వేయాలనీ, క్రమం తప్పితే పైపొర ముందుగా ఆరి బీటలు వారుతుందనీ పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించేలోగా వివరించగలడు. రాజా రవివర్మ (1848–1906) తిరువాన్కూరు ఆస్థానంలో థియోడోర్ జెన్సన్ చిత్రిస్తుండగా చూసి నేర్చుకున్నాడని చెప్పి, తానూ అదే మార్గంలో ఉన్నట్లు వినయంగా సూచిస్తాడు. రవివర్మ చూసినది జెన్సన్ కుంచెను, ఇతడు చూస్తున్నది సెల్‌ఫోనును. ఇతని కుంచెలు పందివెంట్రుకలవని తెలిసిన నాటినుండి ఇల్లాలు వాటిని వసారా దాటి లోనికి రానివ్వడం లేదు.

అయినా ఆమే తొలి నమూనా. మధ్యయుగపు ఇటలీ చిత్రకారులు చర్మపు ఛాయకు అడుగున పచ్చని పొర వేసేవారని చదివిన సాధకుడు ఆమె ముఖానికి ఆకుపచ్చ పూసి, అది ఆరడం కోసం నెలల తరబడి నిరీక్షించగా, చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు చూసి, "వదినకు అమ్మవారు పోసిందా అన్నయ్యా, వేపాకు నూరి పట్టించారు?" అని కంగారుపడింది.

తల ఎత్తులో సరిగ్గా సగం వద్ద కళ్లుంటాయన్న సూత్రాన్ని అతడు స్కేలుతో కొలిచి మరీ పాటించాడు. కొలిచినంతసేపూ స్కేలునే చూశాడు కాబోలు, చర్మపు ఛాయ పడేసరికి జరీ అంచు పోగుపోగునా అచ్చుగుద్దినట్లు వచ్చింది గాని, చిత్రం ముందు నిలబడిన మనవడు తాతయ్య చీరెందుకు కట్టుకున్నాడని అడిగాడు. చిత్రకారులు తెలియకుండానే తమ పోలికలను ఎదుటివారికి అంటగడతారని లియొనార్డో ద వించీ (1452–1519) తన రాతపుస్తకాలలో హెచ్చరించాడు. ఈ సంగతి తెలిసిన క్షణమే సాధకుడు దిద్దుబాటు మానివేసి, అంతటివాడు ప్రస్తావించిన దోషమని ఆ పటాన్ని హాలులో తగిలించాడు.