రెండొందల గజాల స్కాలర్‌షిప్

మా కాకకు స్కాలర్‌షిప్ వచ్చింది. నిజానికి వచ్చింది కాక కొడుక్కి, అంటే మా తమ్ముడికి. కానీ మేడ్చల్‌లో మా గల్లీ అంతా లడ్డూలు పంచిందీ, ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టక ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటున్నదీ కాకే కాబట్టి, ఆయన పేరు మీదే రాయడం న్యాయం.

అమెరికా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని కాక లామినేషన్ చేయించాడు. తమ్ముడి ప్రతిభకు ఎంతో సంతోషించి ఏడాదికి 4 వేల డాలర్లు స్కాలర్‌షిప్ ఇస్తున్నారట. ఇంజినీరింగ్‌లో ఏడు బ్యాక్‌లాగ్స్ ఒక్కొక్కటే దులుపుకుని, 60 శాతం గీత మీద కాలి బొటనవేలితో నిలబడినవాడు మా తమ్ముడు. వాళ్ళకు నచ్చింది ఆ ఓర్పే అయ్యుంటుంది.

ఫీజు ఎంతని అడిగాను. 28 వేల డాలర్లు. నాలుగు పోతే 24. వాడికే ఇంకో యూనివర్సిటీలో కూడా అడ్మిట్ వచ్చింది. అక్కడ ఫీజే 22 వేలు, స్కాలర్‌షిప్ మాత్రం లేదు.

"కాకా, రెండోదే అగ్గువ గదా?"

"గండ్ల స్కాలర్‌షిప్ ఇస్తలేరు గదరా. స్కాలర్‌షిప్ ఇడిసిపెట్టుకుంటమా?"

చిన్నమ్మ నవ్వింది. ఆవిడకు విషయం అర్థమైంది. కొంపల్లిలో ఏటా ఆషాఢం సేల్‌కు వెళ్ళే మనిషి. రెండు వేల చీర మీద నాలుగు వేలు రాసి, అడ్డంగా కొట్టేసి, "మీకోసం 50 శాతం" అనే విద్య ఆవిడకు కొత్త కాదు. షాపువాడు దాన్ని డిస్కౌంట్ అంటాడు. పాపం, చదువుకున్నవాడు కాదు.

ఇక కాగితాల వేట. మన సర్కారు విదేశీ విద్యానిధి కింద 20 లక్షలిస్తుంది. ఎస్సీ ఎస్టీలకు అంబేడ్కర్ పేరు మీద, మాలాంటి బీసీలకు జ్యోతిబా ఫూలే పేరు మీద. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. కాక ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు కాబట్టి ఆ బాధ లేదు. మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి, బీదవాడినని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు.

అదే వారం కన్సల్టెన్సీవాళ్ళు ఇంకో సర్టిఫికెట్ అడిగారు. ఇది అమెరికావాళ్ళ కోసం. వీసాకు ముందు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం కావాలంటే కొడుకును చదివించే స్తోమత ఉందని చూపించాలి. సీఏ వచ్చి ఇల్లు, ప్లాటు, చిన్నమ్మ పుస్తెలతాడు, నానమ్మ కడియాలు అన్నీ లెక్కగట్టి, కాక కోటీశ్వరుడని ముద్ర కొట్టి ఇచ్చాడు. రెండు కాగితాలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కాక నన్ను అడిగాడు: "ఇగ నేను గరీబోన్నా, ఉన్నోన్నా?" శామీర్‌పేట మండలం అంతాయిపల్లి కలెక్టరేట్ దాకా గరీబువి కాకా, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఉన్నోడివి అన్నాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటలో గరీబు షావుకారు కావచ్చు. మధ్యలో టోల్ కట్టాలంతే.

సర్కారు డబ్బు రెండు విడతలు. అమెరికాలో దిగినట్టు రుజువు పెడితే 10 లక్షలు, మొదటి సెమిస్టర్ పాసైన మార్కులు పెడితే ఇంకో 10. అంటే, నీళ్ళలో దూకి ఈత వచ్చని నిరూపించుకున్నాక ట్యూబు అందిస్తారు. ఆ ట్యూబు కూడా ఎప్పటికి? 2022 నుంచి పేరుకుపోయిన బకాయిలకు 303 కోట్లు విడుదల చేస్తున్నట్టు 2025లో ప్రకటించారు. పిల్లవాడు వెళ్ళి, చదివి, పట్టా పుచ్చుకుని, ఉద్యోగం వెతుక్కుంటుండగా మొదటి సెమిస్టర్ ఫీజు వస్తుందన్నమాట. శ్రాద్ధానికి కూడా మనవాళ్ళు ఇంతకన్నా తొందరపడతారు.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్, ఈ విద్యానిధికి పేరిచ్చిన అంబేడ్కర్‌నే కొలంబియా యూనివర్సిటీకి పంపినప్పుడు, నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు మంజూరు చేశారు. అప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ లేదు. అదే కలిసొచ్చినట్టుంది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారిది ఇంకో దారి. బోస్టన్ వెళ్ళడానికి మామగారి డబ్బు ఆసరా అయింది. అక్కడ దిగాక బతకడానికి ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు. మామగారి స్కాలర్‌షిప్, ఆన్-క్యాంపస్ జాబు రెండూ మనకు వందేళ్ళ సంప్రదాయాలే. తేడా ఒక్కటి: సుబ్బారావుగారు ఆ తరవాత మందులు కనిపెట్టారు.

అమెరికా ప్రభుత్వం మనవాళ్ళ ప్రతిభను ఎంతగా గుర్తించిందంటే, ప్రత్యేకంగా మనకోసమేనన్నట్టు ఒక యూనివర్సిటీ పెట్టింది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్. వెబ్‌సైట్ ఉంది, ముద్ర ఉంది, ఫీజు ఉంది. పాఠం లేదు, పంతులు లేడు. నడిపింది హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మనుషులు. కొత్త విద్యార్థిని పట్టుకొచ్చినవాడికి ఫీజులో తగ్గింపు కూడా ఇచ్చేవారు, అదొక తరహా స్కాలర్‌షిప్. 2019 జనవరిలో వల లాగితే చిక్కినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. అంతకు ముందు 2011లో, కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకు రేడియో కడియాలు తొడిగారు. అమెరికా మనకు బంగారు కడియం పెడుతుందనుకున్నాం. కడియమైతే పెట్టింది.

ఇదంతా కాకకు చెప్పాను. "మనోడు గట్లాంటి దాంట్ల పోతలేడు, మనదాంట్ల స్కాలర్‌షిప్ ఉంది" అన్నాడు.

మా వైపు విచిత్రం ఇంకోటుంది. జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ క్యాంపస్‌లో, శామీర్‌పేటలో నల్సార్‌లో సీటు కోసం దేశం నలుమూలల పిల్లలు కొట్టుకుంటారు. నల్సార్ నుంచి రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళినవాళ్ళున్నారు. రోడ్స్‌వాళ్ళు ఫీజు తగ్గింపును స్కాలర్‌షిప్ అనరు, దారి ఖర్చుతో సహా వాళ్ళే పెట్టుకుంటారు. కొంచెం అవతల తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఉంది. దాన్ని పెట్టిన కృష్ణ ఎల్లా రైతు బిడ్డ, రోటరీ ఫెలోషిప్ మీద హవాయి వెళ్ళి, విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసి, 1996లో తిరిగొచ్చారు. ఆ గేటు ముందు నుంచి మా తమ్ముడు నాలుగేళ్ళు బైక్ మీద చెరువుకట్టకు షికారు వెళ్ళాడు. లోపల ఏముందని ఎన్నడూ అడగలేదు. దూరమైతే తప్ప మనకు చదువు కనపడదు.

చిలుకూరు బాలాజీ గుళ్ళో వీసా మొక్కుకు పదకొండు ప్రదక్షిణలయ్యాయి. 2025 జూన్ నుంచి వీసా కావాలంటే సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేట్టు పెట్టాలన్నారు కనుక, తమ్ముడు ఇన్‌స్టాలో పాత బొమ్మలు తీసేసి బాలాజీ ఫొటో పెట్టాడు. వీసా వచ్చింది. కోరిక తీరితే 108 తిరగాలట. పదకొండు పోను మిగతా 97 సరిపోతాయేమో నాకు తెలియదు గానీ, మొత్తం 108 కొత్తగా తిరగాలని చిన్నమ్మ తేల్చింది.

డబ్బు మాత్రం ఇంకా రాలేదు. యూనివర్సిటీది డబ్బు కాదు, తగ్గింపు. సర్కారుది దిగాక. బ్యాంకు ఏమో పూచీకత్తు లేనిదే పెద్ద లోను ఇవ్వనంది. చివరికి కాక శామీర్‌పేట దగ్గర రెండొందల గజాల ప్లాటు అమ్మాడు. 1996లో ఓవర్‌టైం డబ్బులతో కొన్నది. ప్రహరీ గోడ మీద ఆయన పేరు, ఫోన్ నంబరు ఎర్ర రంగుతో రాసి ఉండేవి. గజం పాతిక వేల లెక్కన యాభై లక్షలు. మా మండలంలో వాయిదా లేకుండా, పోర్టల్ లేకుండా, ఏకమొత్తంగా ముట్టిన స్కాలర్‌షిప్ ఇదొక్కటే.

రిజిస్ట్రేషన్‌కు నేనూ వెళ్ళాను. కొన్నది డల్లాస్‌లో ఉంటున్న మేడ్చల్ పిల్లగాడే. వాళ్ళ నాన్న వచ్చి జీపీఏ మీద సంతకాలు పెట్టాడు. పదేళ్ళ కింద కొడుకును పంపడానికి ఆయనా తన ప్లాటు అమ్మాడట, ఇదే లేఅవుట్‌లో, నాలుగు ప్లాట్ల అవతల.

ఎయిర్‌పోర్టుకు బయల్దేరేముందు కాక కొడుకు భుజం మీద చెయ్యేసి అడిగాడు.

"బాగ సదువుకో బిడ్డా. సదువైనంక ఏం జేద్దామనుకుంటున్నవ్?"

"జాబ్ వస్తే మంచిగ సేవ్ చేస్తా డాడీ. చేసి, శామీర్‌పేట దగ్గర ఒక ప్లాట్ తీసుకుంటా."