ఆదివారం పాఠం

కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో ఆ డాక్టరుగారి నిజాయితీకి పేరు. మెడికల్ రెప్ ఇచ్చే పెన్ను కూడా ముట్టుకోరు. శాంపిల్ మందులు వస్తే అప్పటికప్పుడే లేనివాళ్ల చేతిలో పెట్టేస్తారు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పాత గని కార్మికులు. ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున రాయి తొలిచినవాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము అక్కడే ఉండిపోయింది. ఆ దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఇన్‌హేలర్ పీల్చి ఆయాసం కాస్త తగ్గించుకోవడమే.

డాక్టరన్నవాడు అయిదేళ్లలో 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి చెప్పింది. మంచి మాటే. ఆ క్లాసుల ఖర్చు మాత్రం చాలాచోట్ల మందుల కంపెనీలే పెట్టుకుంటూ వచ్చాయి. కంపెనీల డబ్బుతో జరిగే సదస్సులకు డాక్టర్లు పోకూడదని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న రూలు తెచ్చింది. మూడు వారాలకే ఆ నియమాలన్నిటినీ పక్కన పెట్టేసింది. పెన్నూ డైరీ అయితే వెనక్కి తోసేయొచ్చు. చెవిన పడిన పాఠాన్ని ఎట్లా తోసేస్తారు? నిజాయితీపరుడైతే దాన్ని ఇంకా శ్రద్ధగా రాసుకుంటాడు.

ఒక ఆదివారం కోలారులో అలాంటి క్లాసే. బెంగళూరు నుంచి పెద్ద ప్రొఫెసరు వచ్చారు. తెర మీద కొత్త ఇన్‌హేలర్ గీత పైపైకి పోతోంది, పాతదాని గీత అడుగున పడి ఉంది. మన డాక్టరుగారు ముందు వరుసలో కూర్చుని నోటుబుక్కు నింపుకున్నారు. అక్కడి భోజనం ముట్టకుండా బస్సెక్కారు.

సోమవారం ఒక పాత డ్రిల్లరు మెట్టుమెట్టుకీ ఆగుతూ వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఆయాసం ఎట్లుంది?"

"అట్లే ఉంది సార్. పాత మందు అయిపోయింది, అదే రాయండి."

"వద్దు. దానికంటే మంచిది వచ్చింది, నిన్ననే తెలుసుకున్నా. ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా నీ మేలు కోరే రాస్తున్నా."

పెద్దాయన చీటీ కళ్లకద్దుకున్నాడు.

మెడికల్ షాపతను ఏమీ వెతకలేదు. గల్లాపెట్టె పక్కన పేర్చి ఉన్న కొత్త డబ్బాల్లోంచి ఒకటి తీసి ముందు పెట్టాడు. ధర పాతదానికి మూడింతలు. నోట్లు లెక్కపెడుతున్న పెద్దాయన చెయ్యి ఆగింది.

"డాక్టరే నిన్న కదప్పా దీని సంగతి తెలుసుకునింది! నీ అంగట్లోకి అప్పుడే ఎట్లొచ్చె?"

"మీ కొడుకు చెప్పలేదా మామా? శనివారమే వచ్చి ఆర్డరు రాసుకుని పోయినాడు. సోమవారం నుంచి డాక్టరుగారు ఇదే రాస్తారు, స్టాకు పెట్టుకో అని చెప్పినాడు."