నా దండిలోని పగులు

బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లి నా జన్మస్థలము. వీణగా పుట్టకపూర్వము నేనొక పనసచెట్టును. ఏటేట కాయలు కాచి, పిల్లలకు తొనలు పంచి, వయస్సుడిగిన పిమ్మట గొడ్డలికి తలయొగ్గి, మ్రానునై ఒక వృద్ధశిల్పి వాకిట నీడపట్టున ఆరుచు చాలకాలము గడపినదానను. కుండను దండిని వేరువేరుగ చేసి అతికించు వీణలు దేశమున పెక్కు కలవు గాని, కుండ మొదలుకొని దండి వరకు ఒకే మ్రానునుండి తొలిచి తీయు ఏకాండవీణ మా యూరి పేరు నిలిపిన పని. అతుకులేని దేహమునందు నాదము అడ్డులేక ప్రవహించునని మావారి విశ్వాసము. అయితే అట్టి దేహమున పగులు పుట్టెనేని ఆ భాగమును తీసివేసి మరియొకటి తగిలించుటకు వీలులేదు. మేలును కీడును ఒక్క మ్రానులోనే ఉన్నవి.

చెక్కుడుపని ముగిసిన నాటికి నేనింకను మూగదాననే. తేనెమైనములో నల్లపొడి కలిపి కాచిన ముద్దను దండి కిరుప్రక్కల కట్టలుగా తీర్చి, వానిపై 24 మెట్లను నిలిపి, ఒక్కొక్క మెట్టును వెండ్రుకవాసి జరుపుచు, తంత్రి మీటి చెవియొగ్గి విని, తృప్తి కలుగక మరల జరుపుచు, ఆ వృద్ధుడు ఓపికతో మేళము కట్టిన తరువాత గాని నాకు వాక్కు రాలేదు. పాటకు నాలుగు తంత్రులు, తాళమునకు మూడు. అప్పటికే ఆయన కన్నుల చూపు మందగించినది. ఆ తగ్గిన చూపంతయు వ్రేళ్లకు చేరినదా యన్నట్లు, చీకటిలోనైనను చెక్కను తడవి దాని మంచిచెడ్డలు చెప్పగలిగెడివాడు.

నన్ను కోరి చేయించుకొన్నది భిలాయిలో కాపురమున్న ఒక సంగీతోపాధ్యాయిని. 1959 ఫిబ్రవరిలో అచ్చటి ఉక్కుకర్మాగారమున తొలి బ్లాస్టు ఫర్నేసు రగిలినది మొదలు, మా ప్రాంతమునుండి పనికై వెళ్లి స్థిరపడిన కుటుంబములు క్రమముగా పెరిగినవి. ఆ కుటుంబముల పిల్లలకు ఆమె తమ క్వార్టరు వరండాలోనే వీణ నేర్పుచుండిరి. ఇంటిఖర్చులో మిగిల్చిన సొమ్మును మూడు మనియార్డర్లుగా పంపి, నవరాత్రులలో సరస్వతీపూజ నాటికి వీణ చేరవలెనని వ్రాసిరి.

భాద్రపదమాసమున నన్ను పెట్టెలో పరుండబెట్టిరి. తంత్రులను సడలించి, తంత్రులను మోయు గుర్రమును తీసి గుడ్డలో చుట్టి, సొరబుర్రను విప్పి నా పాదములకడ నుంచి, చుట్టును వరిగడ్డి కూరి, పైన గోనె కుట్టిరి. శిల్పి కుమారుడు సాలూరు వరకు నన్ను తీసికొనిపోయి ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కార్యాలయమున అప్పగించినాడు. రశీదులో సరకు పేరు వ్రాయవలసిన చోట "వీణ" అని చెప్పిన కిరాయి హెచ్చునేమోయని శంకించి, "కర్రసామాను" అని వ్రాయించినాడు. వెల వ్రాయవలసిన గడిని ఖాళీగా విడిచినాడు. కుటిలబుద్ధితో చేసిన పని కాదు. నాలుగు రూపాయలు మిగిలినచో ఇంటికి బియ్యము వచ్చునను పేదవాని లెక్క అది.

సాలూరు దాటగానే ఘాటురోడ్డు. వాన కురియుచుండ మలుపు మలుపునకు లారీ ఒరగుచు కోరాపుట్టు చేరి, జయపురము, జగదల్పూరు గడచి, కేశకాల ఘాటు దిగి, ధమ్తరి మీదుగా రాయపూరు చేరునప్పటికి నాపైని ఇనుపసామాను పెట్టె లెన్నిమారులు దింపిరో, ఎన్నిమారు లెక్కించిరో నాకే గురుతులేదు. కర్రసామానన్న పేరు నా పెట్టెపై నున్నంతకాలము నన్ను కర్రసామానుగానే చూచుట కూలివాండ్ర తప్పని నేనెన్నడును తలపలేదు. ఒక రాత్రి క్రింది భాగమునుండి పెళ్లుమన్న శబ్దము వినబడినది. అది నా దేహమునుండియే వెలువడినదని తెలిసికొనుటకు కొంత తడవు పట్టినది.

భిలాయిలో పెట్టె అందుకొన్న ఆ యమ్మ తొందరపడలేదు. మూల నలిగియుండుట గమనించి, సంతకము చేయకముందే "పెట్టె కుడిమూల నలిగియున్నది, లోపలి సరకు చూడలేదు" అని రశీదుపై వ్రాసిరి. తరువాత గుమాస్తా యెదుటనే మూత తీయించిరి. గడ్డిలోనుండి నన్నెత్తుచుండగా సొరబుర్ర పెంకులు గలగల రాలినవి. ప్రక్కన నిలిచిన ఎనిమిదేండ్ల పిల్ల "చచ్చిపోయిందా టీచరుగారూ?" అని యడిగినది. ఆమె బదులు చెప్పక కొంగుతో నా కుండపైని దుమ్ము తుడిచిరి.

ఆ రాత్రి ఆమె వ్రాసిన ఫిర్యాదు నా ముందే సాగినది. పరుషమైన మాట ఒక్కటియు లేదు. అట్లని బాధను దాచుటయు లేదు. "సొరబుర్ర పగిలినది. దండి అడుగున జానెడు పొడవు పగులున్నది. ఆరు మెట్లు మైనమునుండి ఊడినవి. కుండకు, బిరడలకు ఏమియు కాలేదు. తప్పెవరిదో నేనెరుగను. గడ్డిని, గోనెను, పెట్టెను అట్లే యుంచితిని, వచ్చి చూడగలరు. పిల్లలకు ఏమి చెప్పవలెనో తోచకున్నది" అని ముగించిరి. చెడినదానితో పాటు చెడనిదానిని కూడ లెక్కవ్రాసిన ఆ జాబువంటి ఫిర్యాదు నందుకొన్నవాడు, తన సమాధానమును కూడ ఆ తూనికతోనే తూచవలసియుండును.

ఆ జాబు గొల్లపల్లి చేరిన నాడు జరిగిన సంభాషణ తరువాత పలుమారులు నా సమక్షమున చెప్పుకొనబడినది. కుమారుడు బొబ్బిలిలోని ప్లీడరు గుమాస్తాను అడిగి వచ్చి, "నాన్నా, 1930 నాటి సరకుల విక్రయచట్టము ప్రకారము మనము లారీవానికి అప్పగించినప్పుడే సరకు కొన్నవారికి అప్పగించినట్లట. ఇక బాధ్యత మనది కాదు" అన్నాడట. "ఆ చట్టములో అంతేనా ఉన్నది?" అని తండ్రి ప్రశ్నింపగా కుమారుడు తలవంచినాడట. సరకు స్వభావమునకు తగినట్లు రవాణాదారుతో ఒప్పందము చేసికొనుట అమ్మినవాని విధియనియు, ఆ విధి తప్పినచో సరకు తమకు అందినట్లు ఒప్పుకొనకుండుటకు కొన్నవారికి హక్కు కలదనియు అదే సెక్షనులో నున్నది. అప్పటికి అమలులోనుండిన, అంతకన్న పాతదైన 1865 నాటి రవాణాదారుల చట్టమున, నూరు రూపాయలకు మించిన కొన్ని విలువైన వస్తువులను వెల చెప్పక అప్పగించినచో నష్టమునకు రవాణాదారు సాధారణముగా బాధ్యుడు కాకుండెను. ఆ జాబితాలో సంగీతవాద్యములును ఉండెను. ఖాళీగా విడిచిన ఆ చిన్న గడి అట్లు తండ్రీకొడుకుల కొంపపై పడినది.

"ఒరే నాయనా, చట్టము ఎవరు చెల్లించవలెనో చెప్పును, వీణ ఎందుకు పగిలినదో చెప్పదు. ముందు పోయి చూడు. వట్టిచేతులతో పోవద్దు, ఇంటిలోని సాధకపు వీణను పట్టుకొని పొమ్ము. మన తగవు తేలువరకు ఆ పిల్లల పాఠము ఆగరాదు" అని వృద్ధుడు పలికెనట.

కుమారుడు రైలులో ఆ పాతవీణను ఒడిలో నుంచుకొని వచ్చినాడు. వరండాలో దానికి శ్రుతి చేయుచుండగా పిల్లలందరు చుట్టును మూగిరి. "అమ్మగారూ, తప్పైపోయిందండి" అన్న మాట తప్ప వేరొక వాక్యము అతని నోట రాలేదు. ఆమెయు "ముందు మంచినీళ్లు తాగు బాబూ" అన్నారే గాని మరేమియు ననలేదు. మరునాడతడు నన్ను మరల పెట్టెలో సర్ది, ఆ పెట్టెను కంటికి దూరము కానీయక, ఇల్లు చేర్చినాడు.

వృద్ధుడు నన్ను మోకాళ్లపై బోర్లించి, పగులు పొడవునా చూపుడువ్రేలు నడిపెను. తరువాత దండిపైని పలకను మెల్లగా ఊడదీసి, వెలుతురున కెదురుగా పట్టి లోపలికి చూచెను. పనసచెక్క కోసిన క్రొత్తలో పసుపుపచ్చగా నుండి, గాలి తగిలి తగిలి గోధుమవన్నెకు తిరుగును. నా పగులు పొడవున చెక్క పసుపుకొమ్ము విరిచినట్లు పచ్చగా నుండెను. కాని ఒక కొనయందు మినపగింజంత మేర మాత్రము నల్లబారి యుండెను. పచ్చనిది త్రోవలో పగిలినది. నల్లనిది త్రోవకు ముందే ఉన్నది. మ్రాను ఆరునప్పుడు పడిన ఆ సన్నని నెఱ్ఱెను ఆయన చూచియే యుండెను. దసరా ముంచుకొని వచ్చుచున్నదను ఆత్రమున సరేసు నింపి, పలక మూసివైచెను. ఘాటులోని కుదుపులు, పైనిడిన బరువు, దండి క్రింద పలుచబడిన గడ్డి, ఇవన్నియు ఆ మినపగింజంత చోటును వెదకికొని అచ్చటనే పనిచేసినవి.

ఆ నల్లని మచ్చను చూచినవారు ప్రపంచమున ఇద్దరమే. నాకు మాటలేదు. ఆయన ఊరకున్నచో లారీవారిపై నెపము నిలిచి, ఆయన పేరు నిర్మలముగా నుండెడిది. వృద్ధుడు చాలసేపు నన్నట్లే పట్టుకొని కూర్చుండెను. అటుపిమ్మట కుమారుని పిలిచి కార్డు వ్రాయించెను: "అమ్మగారికి నమస్కారములు. బుర్ర పగులుట త్రోవలో జరిగినది. రశీదు తప్పు వ్రాయించినది మావాడు. దండి పగులుటకు మొదలు నా చేతిలోనే ఉన్నది. నెఱ్ఱెను చూచియు పంపితిని. ఆ వీణను బాగుచేసి మీకు అంటగట్టను. శ్రీపంచమి నాటికి వేరొక వీణ చేసి ఇత్తును. సొమ్ము అడుగను." వ్రాయుచున్న కుమారుని చేయి ఆ మూడవ వాక్యమువద్ద ఆగినది. "వ్రాయుము" అని మాత్రము తండ్రి యనెను.

ఆ వీణకై ఆయన వాకిట నున్న మ్రాకులలో మూడింటిని తట్టి చూచి త్రోసివైచి, నాలుగవదానిని చేపట్టెను. శ్రీపంచమికి రెండునాళ్ల ముందు కుమారుడు దానిని రైలులో తానే తీసికొనిపోయి అప్పగించి, సాధకపు వీణతో తిరిగి వచ్చినాడు. పసిపిల్లల చేతివ్రేళ్ల జిడ్డు దాని మెట్లపై నింకను ఉండెను.

నన్ను అమ్మలేదు. పగులును అతికి, బుర్రను మార్చి, పనిశాలలో గోడకు చేరవేసినారు. క్రొత్తగా పనికి వచ్చిన పిల్లలు మేళము కట్టుట నేర్చుకొనునది నాపైననే. ఆ వృద్ధుడు నేడు లేడు. ఆ కుమారుని తలయు నెరసినది. దూరప్రయాణమునకు వీణ సిద్ధమైన ప్రతి దినమున అతడు దండి క్రింద గడ్డి రెండింతలు కూరించి, పెట్టెపై "వీణ" అని పెద్ద అక్షరములతో వ్రాయించి, వెల గడిని తానే నింపును. అన్నిటికంటె ముందు, పలక మూయకమునుపు, నావద్దకు వచ్చి నా దండి అడుగున ఆ మినపగింజంత చోటును వ్రేలితో తడవి, ఆ వ్రేలినే క్రొత్తవీణ లోపలికి పోనిచ్చి, కొనమొదళ్లు వెదకును.