బొరియ గండం

ఆకాశంలో తిరిగేవాడికి ఉరుములూ మెరుపులూ గాలివానలే శత్రువులని నేలమీద తిరిగే మనబోటివాళ్లం అనుకుంటాం. ఇంగ్లండులో గడ్డి రన్‌వే పెట్టుకుని, సొంతానికో చిన్న విమానం నడుపుకునే పెద్దమనిషిని అడిగి చూడండి. ఆయన తల పైకెత్తడు, కాళ్ల కిందికి చూస్తాడు. ఆయన శత్రువు బరువు నూరు గ్రాములు. దానికి చూపు అంతంతమాత్రం. విమానమనే వస్తువొకటి లోకంలో ఉందన్న సంగతి కూడా తెలియదు. పేరు మోల్.

తెలుగు నేల మీద లేని జీవి కనక పరిచయం చెయ్యాలి. చూడ్డానికి ఎలుకలా ఉంటుంది కానీ ఎలుక కాదు, చుంచెలుకకు చుట్టం. ఒళ్లంతా నల్లటి మెత్తటి బొచ్చు. ముందుకాళ్లు రెండూ పుట్టుకతో వచ్చిన పారలు. కాపురం మొత్తం నేల కిందే. వానపాములు దాని భోజనం, రోజుకు తన బరువులో సగం దాకా లాగిస్తుంది. తినగా మిగిలిన వానపాముల తలలు కొరికి, చావకుండా కదలకుండా చేసి, సొరంగంలో నిల్వ పెట్టుకుంటుంది. కరెంటు బిల్లు రాని ఫ్రిజ్ అన్నమాట. తవ్విన మట్టిని మాత్రం ఇంట్లో ఉంచుకోదు, పైకి నెట్టి కుప్ప పోస్తుంది. ఆ కుప్ప పొరుగువాడి రన్‌వే మీద పడిందా, పార్కులో పడిందా అన్నది దానికి పట్టదు. ఈ ఒక్క విషయంలో మన కాలనీల్లో ఇళ్లు కట్టేవాళ్లకూ దానికీ తేడా లేదు.

తేలిగ్గా తీసెయ్యకండి, దీనికి రాజును పడగొట్టిన చరిత్ర ఉంది. 1702 ఫిబ్రవరిలో ఇంగ్లండు రాజు మూడో విలియం హాంప్టన్ కోర్టు పార్కులో గుర్రం మీద పోతుంటే, మోల్ పోసిన మట్టికుప్ప దగ్గర గుర్రం తూలింది. రాజుగారు కిందపడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకున్నారు. మంచాన పడ్డారు, మార్చి 8న పోయారు. ఫ్రాన్సును ఏలే పద్నాలుగో లూయీ ఏళ్ల తరబడి యుద్ధం చేసి సాధించలేని పని, ఒక మట్టికుప్ప ఒక్క షికారులో తేల్చేసింది. విలియం అంటే గిట్టని జేకబైట్లు ఆ తర్వాత గ్లాసు ఎత్తినప్పుడల్లా నల్ల వెల్వెట్ కోటు తొడుక్కున్న చిన్న దొరగారికి జేజేలు పలికేవాళ్లు. రాజు మీద కత్తి దూసి కూడా పడగొట్టలేకపోయిన పార్టీకి మోల్ ఒక్కటే కార్యకర్త మరి.

సరే, గుర్రాలు పోయి విమానాలొచ్చాయి. రన్‌వే అనగానే మనకు శంషాబాద్, గన్నవరం గుర్తొస్తాయి కానీ విమానం పెరిగి పెద్దదైంది గడ్డి మీదే. 1940లో హిట్లర్ విమానాలను ఎదిరించిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల్లో చాలావాటికి గడ్డి మైదానాలే ఆధారం. ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్ విమానాశ్రయంలో ఇప్పటికీ గడ్డి రన్‌వే ఉంది. పైగా ఆ దేశంలో ప్లానింగ్ అనుమతి లేకుండానే పొలంలో ఏడాదికి 28 రోజులు విమానాలు దించుకోవచ్చు. అందుకని గొర్రెలు మేసే పొలాల పక్కన కూడా గాలిబుట్ట ఒకటి ఊగుతూ కనిపిస్తుంది. గడ్డి కోసే యంత్రం, రోలరు, ఓపిక ఉంటే చాలు, ఎయిర్‌పోర్టు సిద్ధం.

ఓపిక దగ్గరే వస్తుంది చిక్కు. సెస్నా 172 లాంటి విమానానికి ముక్కు కింద చిన్న చక్రం, దాని ముందు ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య అడుగు ఖాళీ కూడా ఉండదు. గంటకు వంద కిలోమీటర్లకు అటూఇటూ వేగంతో దిగుతూ ఆ చక్రం ఒక బొరియలో దిగబడిందనుకోండి. ముక్కుకాలు మడత పడుతుంది, ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. వంగిన ప్రొపెల్లర్ మార్చుకుంటే తీరిపోయే బాధ కాదది. తిరుగుతున్న ఇంజన్ ఒక్క దెబ్బకు ఆగింది కనక లోపల క్రాంక్‌షాఫ్ట్‌కు ఏమైందో చూడాలి, చూడాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి. మట్టికుప్ప కనిపిస్తుంది కాబట్టి తప్పించుకోవచ్చు. పైకి పచ్చగా నవ్వుతూ లోపల బోలుగా ఉండే సొరంగంతోనే ప్రాణసంకటం. కొండను తవ్వి ఎలుకను పట్టడం మనిషి వంతయితే, నేలను తవ్వి విమానాన్ని పట్టడం మోల్ వంతు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. రన్‌వేకు ఎరువేసి, నీళ్లు పోసి, గడ్డిని తివాచీలా పెంచారా, అడుగున వానపాములు బలుస్తాయి. వానపాములు బలిస్తే మోల్ దిగుతుంది. అంటే ఓనరు ఎంత శ్రద్ధ తీసుకుంటే శత్రువుకు అంత గొప్ప విందు. చలికాలం చివర మగ మోల్‌లు ఆడతోడు వెతుక్కుంటూ తిన్నగా గీత గీసినట్టు సొరంగాలు తవ్వుకుపోతాయి. రన్‌వే కూడా తిన్నగానే ఉంటుంది. ఇద్దరు సర్వేయర్లకూ ఒకే లైను నచ్చడం ఓనరు ఖర్మ.

ఇక నివారణోపాయాలు. ఫ్లయింగ్ క్లబ్బు మీటింగులో ఈ ప్రస్తావన వచ్చిందంటే ఆ రోజు వాతావరణం గురించి మాట్లాడేవాడు ఉండడు. ఒకాయన వెల్లుల్లి పెట్టమంటాడు, ఇంకొకాయన కలరా ఉండలు వెయ్యమంటాడు. మూడో ఆయన ప్లాస్టిక్ సీసాలు కర్రలకు తగిలించమంటాడు, గాలికి అవి చేసే చప్పుడుకు మోల్ పారిపోతుందట. రన్‌వే పక్కన విమానం ఇంజన్ మోతకే పారిపోని మోల్ సీసా చప్పుడుకు ఎందుకు పారిపోతుందని ఎవరూ అడగరు. నాలుగో ఆయనకు సైన్సు మీద గురి ఎక్కువ. ఎండతో నడిచే గుంజలు తెప్పించి నేలలో పాతిస్తాడు, అవి నిమిషానికోసారి బుర్రుమంటాయి. వారం తిరిగేసరికి గుంజ పక్కనే మట్టికుప్ప లేస్తుంది. అమెరికాలో మోల్‌లను తరమడానికి దుకాణాల్లో ఆముదం కలిపిన మందు అమ్ముతారు. మనం పిల్లలకు పట్టించిన ఆముదం అక్కడ నేలకు పట్టిస్తున్నారు. పిల్లల మొహాలు ఎలా మారాయో మనకు తెలుసు, మోల్ మొహం ఎలా మారిందో చూసి వచ్చి చెప్పినవాడు లేడు.

ఈ సంగతి విన్న మన బాబాయిలెవరైనా ఊరుకుంటారా? నూటికి 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయొలోన్ పొడి కలిపి పొట్లాలు కట్టి కన్నంలో వెయ్యమని వాట్సాప్‌లో పంపేస్తారు. వరిగట్ల మీద ఎలుకలకు అది తిరుగులేని మందే. మోల్‌కు మాత్రం నూకలు, గారెలు, పులిహోర ఏదీ పనికిరాదు. అది వానపాములూ పురుగులూ తప్ప ముట్టదు. స్ట్రిక్‌నైన్ విషాన్ని వానపాములకు పూసి పెట్టే పద్ధతి బ్రిటన్‌లో చాలాకాలం నడిచింది, 2006లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు మిగిలినవి బోను, లేదా అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు. ఆ గుళికలు తడి తగిలి వదిలే వాయువు మోల్‌ను చంపుతుంది, ఆదమరిస్తే మనిషినీ చంపుతుంది. అందుకే శిక్షణ పొంది, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వాడాలి.

చట్టం దగ్గరికొస్తే అసలు వినోదం మొదలవుతుంది. ఒకే రన్‌వే కింద మూడు రకాల తవ్వకందార్లు ఉంటారు, ముగ్గురికీ మూడు న్యాయాలు. మోల్‌కు ప్రత్యేక రక్షణ లేదు, పట్టుకోగలిగితే పట్టుకో. కుందేలు సంగతి పూర్తిగా వేరు. మన చెవులపిల్లి నేల మీదే పొదల్లో పడుకునే అమాయకురాలు. అక్కడి కుందేలు మాత్రం బొరియల్లో ఊళ్లకు ఊళ్లు కట్టేస్తుంది. 1954 నాటి పెస్ట్స్ యాక్ట్ ప్రకారం భూమి అనుభవించేవాడే తన నేలలో కుందేళ్లను అదుపు చెయ్యాలి, చెయ్యకపోతే తప్పు. మూడోది బాడ్జర్. మొహం మీద నల్లచారల ఈ పెద్దమనిషి కుటుంబ సమేతంగా రాత్రంతా తవ్వుతాడు. 1992 నాటి బాడ్జర్ల రక్షణ చట్టం ప్రకారం ఆయన బొరియను కదిలించావా, ఆరు నెలల దాకా జైలు. లైసెన్సు తెచ్చుకుని మూయించాలంటే మామూలుగా జూలై నుంచి నవంబరు దాకానే కాలం. బయటికి తెరుచుకుని లోపలికి తెరుచుకోని తలుపు పెట్టి, 21 రోజులు కాపలా కాసి, ఆయన మళ్లీ రాలేదని తేలాకే పూడ్చాలి. అద్దె ఎగ్గొట్టినవాణ్ని ఖాళీ చేయించడం ఇంతకన్నా తేలిక. పాపం ఓనరు చీకట్లో టార్చి పట్టుకుని, కన్నంలోంచి తొంగిచూస్తున్న ముక్కు ఎవరిదో తేల్చుకోవాలి. కుందేలుదైతే పట్టకపోవడం నేరం, బాడ్జర్‌దైతే పట్టడం నేరం.

అట్లాంటిక్ దాటినా ఇదే భాగవతం. ఫ్లోరిడాలో గోఫర్ తాబేలు సగటున 15 అడుగుల బొరియ తవ్వుతుంది, అందులో పాములూ కప్పలూ పురుగులూ కలిసి 350కి పైగా జాతులు తలదాచుకుంటాయి. దాన్ని కదిలించాలంటే రాష్ట్ర ప్రభుత్వ పర్మిట్ కావాలి. యూటా రాష్ట్రంలో ప్రెయిరీ డాగ్ అనే నేల ఉడుత ఉంది. 1973 నుంచి అది ఫెడరల్ రక్షణ జాబితాలో ఉంది. మా నేలలు పాడుచేస్తోందని స్థలాల యజమానులు కోర్టుకెక్కారు. 2014లో కింది కోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది, 2017లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఇన్నేళ్లలో ఉడుత ఒక్క వాయిదాకూ హాజరు కాలేదు, తవ్వకం మాత్రం మానలేదు. రక్షణ లేని జీవుల మీదైతే బొరియలోకి ప్రొపేన్, ఆక్సిజన్ పంపి పేల్చేసే యంత్రాలు కూడా అక్కడ దొరుకుతాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమనే మన సామెతను డబ్బిచ్చి కొనుక్కోవడమంటే ఇదే.

మరి రన్‌వేను నిజంగా కాపాడేదేమిటి? చెబితే నిరాశ పడతారు. పొద్దున్నే లేచి దాని మీద నడవడం. మంచు ఆరకముందే ఓనరు రబ్బరు బూట్లు తొడుక్కుని, తోపుడుబండిలో మట్టీ పారా వేసుకుని, ఈ చివర్నించి ఆ చివరిదాకా పోతాడు. అనుమానమున్న చోట మడమతో నొక్కుతాడు. గట్టి నేల మడమను వెనక్కి నెడుతుంది, సొరంగం పైకప్పు మెత్తగా కుంగుతుంది. అక్కడ గడ్డిని పలకలా కోసి తీసి, సొరంగం పోయే దిక్కు వేలితో చూసి, అదే లోతులో బోను కూర్చోబెడతాడు. వెలుతురు చుక్క కూడా లోపల పడకుండా మళ్లీ గడ్డి పలక కప్పుతాడు. కన్నానికి వెలుగొస్తే మోల్ మట్టితో పూడ్చేసి పక్క నుంచి పోతుంది. పాడుబడ్డ సొరంగాల్లో మట్టి దట్టించి, కొట్టి, రోలరు తిప్పుతాడు. ఒక మోల్ దొరికితే పండగ చేసుకోవడానికి లేదు. ఖాళీ అయిన సొరంగాన్ని కొద్ది రోజుల్లోనే పక్క మోల్ ఆక్రమిస్తుంది. మళ్లీ పొద్దున్నే బూట్లు, మళ్లీ మడమ.

ఈ విద్య మన రైతుకు కొత్తేమీ కాదు. సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ మట్టితో మూసి, పొద్దున తెరుచుకున్నవెన్నో చూసి, వాటిల్లోనే మందు పెట్టడం గోదావరి, కృష్ణా డెల్టాల్లో తెలియనివాళ్లు లేరు. ఊరంతా ఒక్కరోజే కలిసి చెయ్యకపోతే పక్క చేలోని ఎలుకలు మన చేలోకి వస్తాయనీ తెలుసు. తెలియంది పైవాళ్లకే.

పైవాళ్లకు బొరియ అంటే సమస్య కాదు, సమాధానం. 2017లో బీహార్‌ను వరద ముంచితే, కరకట్టలకు ఎలుకలు కన్నాలు పెట్టాయని జలవనరుల మంత్రి సెలవిచ్చారు. అదే ఏడాది అదే రాష్ట్రంలో పోలీసులు పట్టుకున్న 9 లక్షల లీటర్ల మద్యంలో కనపడనిది ఏమైందంటే, ఎలుకలు తాగేశాయన్నారు. అంత తాగిన ఎలుక తిన్నగా కన్నం ఎలా తవ్విందో విచారణ కమిషన్ వేసి తేల్చాలి. 2019 జూలైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా తివరే ఆనకట్ట తెగి మనుషులు కొట్టుకుపోయారు. ఆనకట్ట కారుతోందని ఊళ్లోవాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు. మంత్రిగారు మాత్రం నేరం పీతల మీద పెట్టారు. ప్రతిపక్షంవాళ్లు థానే నగరంలో బతికున్న పీతలను పోలీస్ స్టేషనుకు పట్టుకెళ్లి, ముద్దాయిలను అరెస్టు చెయ్యమన్నారు. పీతకు పది కాళ్లున్నా పారిపోలేదు. జవాబు చెప్పాల్సినవాళ్లు రెండు కాళ్లతోనే పారిపోయారు.

ఇంగ్లండు పెద్దమనిషి విమానం బొరియలో పడితే మోల్ మీద కేసు పెట్టడానికి లేదు. రన్‌వే దిగడానికి పనికొస్తుందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత పైలట్‌దే. అక్కడ బొరియ తరఫున మనిషి జవాబు చెబుతాడు, ఇక్కడ మనిషి తరఫున బొరియ జవాబు చెబుతుంది. రేపు మీ ఊరి చెరువు కట్టకు గండి పడి, తప్పంతా పందికొక్కులదని ఎవరైనా మైకులో చెబితే గొడవ పడకండి. ఒక్క ప్రశ్న అడగండి చాలు: ఈ కట్ట మీద చివరిసారి నడిచి చూసిన అధికారి ఎవరు, ఏ తారీఖున?