ట్విస్టు చెప్పను గానీ...

ఈమధ్య తెలుగులో అచ్చవుతున్న నవలలన్నీ ఏకబిగిన చదివించేవే. నా మాట కాదు, సిఫారసు చేసేవాళ్ల మాట. ఫలానా నవల ఓ మోస్తరుగా ఉంది, సగం దాకా లాక్కొచ్చి వదిలేశాను అన్న మనిషి కనపడి ఎన్నేళ్లయిందో! ప్రతిదీ చేతిలోకి తీసుకుంటే కింద పెట్టలేనిదే, ప్రతిదీ చివరి పేజీలో గుండె ఆగినంత పని చేసేదే. ఇన్నిసార్లు ఆగిన గుండెలతో మన సాటి పాఠకులు ఇంకా హాయిగా తిరుగుతున్నారంటే వైద్యులకు దణ్ణం పెట్టాలి.

మన తిరువూరు లాంటి చోట ఈ సిఫారసు వట్టి కబురు కాదు, జేబుకు సంబంధించిన వ్యవహారం. బెజవాడలో ఉన్నవాడికి ఫరవాలేదు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపులోకి దూరి, నిలబడి పది పేజీలు తిరగేసి, నచ్చకపోతే అరలో పెట్టేసి బయటికొస్తాడు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టల దగ్గర బేరమైనా ఆడతాడు. మనకా భోగం లేదు. డిపోలో బస్సెక్కి ఎ.కొండూరు, మైలవరం మీదుగా డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఊగుతూ పోవాలి. లేదంటే పేజీ తిప్పి చూడకుండానే ఫోనులో నొక్కి తెప్పించుకోవాలి. ఎలా చూసినా ఓ 300 రూపాయలు సాటి పాఠకుడి నోటి మాట మీద పెట్టేస్తున్నాం. ఆ నోరు ఎలాంటిదో కాస్త చూడొద్దూ?

ఆ నోరు అనేది ఇది: "ట్విస్టు చెప్పను గానీ, చివర్లో మాత్రం మామూలుగా ఉండదు."

ఇంకేం మిగిల్చావు నాయనా? మొదటి పేజీ నుంచీ నేను ఆ మలుపు కోసమే కాపు కాస్తాను. మొగుడు మంచివాడంటే మొగుడి మీద అనుమానం. పనిమనిషి కాఫీ తెస్తే కాఫీ మీద అనుమానం. డాక్టరు ఓదారిస్తే, ఇంకేముంది, వీడేనని ఖాయం చేసుకుంటాను. రచయిత 250 పేజీలు చెమటోడ్చి దాచినదాన్ని ఈయన సస్పెన్సు కాపాడుతున్నానంటూనే వీధిలో పారబోశాడు. అగాథా క్రిస్టీ 1926లో రోజర్ ఆక్రాయిడ్ అనే ఆయన్ని ఓ నవలలో చంపించింది. చంపిందెవరో నేను చెప్పను, వందేళ్లయినా సరే చెప్పను. ఏం చెప్పనో ఇంతకు మించి వర్ణించను కూడా. మర్యాద అంటే అదీ.

ఇంగ్లీషులో 2012లో 'గాన్ గర్ల్' వచ్చింది, 2015లో 'ది గర్ల్ ఆన్ ద ట్రెయిన్', 2019లో 'ది సైలెంట్ పేషెంట్'. వాటి బాగోగులు పక్కన పెట్టండి. అప్పట్నించీ మన సిఫారసుదార్లకు ఓ కొలబద్ద దొరికింది. ఆలుమగలు అరిచి పోట్లాడుకుంటే కుటుంబ నవల, అరవకుండా పోట్లాడుకుంటే సైకలాజికల్ థ్రిల్లర్. నాయిక రాత్రిళ్లు మాత్రలు మింగితే తిరుగే లేదు. అట్ట మీద సగం ముఖమూ, పగిలిన అద్దమూ ఉంటే లోపల ఏముందో చూడనక్కర్లేదు, సిఫారసు చేసేయొచ్చు. చేసేస్తున్నారు కూడా.

మనిషి మనసులో దూరి భయపెట్టడం తెలుగువాళ్లకు రాదన్నట్టు మాట్లాడతారే, అదీ నాకు కాలేది. రావిశాస్త్రి 'అల్పజీవి'లో ఒక్క శవం లేదు, ఒక్క కత్తి లేదు. సుబ్బయ్య అనే గుమాస్తా గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాడు, అంతే. ఆ తర్వాత వాడు పడే బెదురు చదువుతుంటే మన వీపు వెనక ఎవరో నిలబడ్డట్టుంటుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తనను తాను తవ్వుకుంటూ ఎక్కడికి చేరతాడో చూడండి. నవీన్ 1969లోనే 'అంపశయ్య' అని ఓ యూనివర్సిటీ కుర్రాడి బుర్రలో ఒక్క రోజంతా మనల్ని కూర్చోబెట్టాడు. వీటి అట్టల మీద పగిలిన అద్దాలు వెయ్యకపోవడం ప్రచురణకర్తల తప్పే అయ్యుండాలి.

ఈ మాట చదివి పాతతరం పెద్దలు మీసం మెలేస్తున్నట్టున్నారు. ఆగండి, మీకూ ఉంది. "ఈ కొత్త నవలలేంటండీ, 'వేయిపడగలు' చదవండి" అంటారు మీరు. విశ్వనాథవారు దాన్ని 29 రోజుల్లో పూర్తి చేశారని చెబుతారు. చదవమని చెప్పేవాళ్లలో చాలామంది పుట్టి పెరిగి రిటైరైనా, అందులో వందో పేజీ దాటలేదు. గట్టిగా అడిగితే, "చిన్నప్పుడెప్పుడో చదివాన్లే" అంటారు. చిన్నప్పుడు వెయ్యి పేజీలు చదివిన మహానుభావులు పెద్దయ్యాక పంచాంగంతో సరిపెట్టుకోవడమేంటో అంతుపట్టదు.

సిఫారసంటే ఏమిటో అద్దె పుస్తకాల కొట్టువాడికి తెలుసు. ఇప్పటి కుర్రాళ్లకు ఆ కొట్టు తెలియదు గానీ, ప్రతి చిన్న ఊళ్లోనూ బస్టాండు చుట్టుపక్కల ఒకటో రెండో ఉండేవి. రోజుకింతని అద్దె. యద్దనపూడీ యండమూరీ మల్లాదీ మధుబాబూ ఒకే బల్ల మీద ఒద్దికగా ఉండేవాళ్లు. కొట్టాయన డిగ్రీలు చదవలేదు, సభల్లో మాట్లాడలేదు. కానీ "ఇది మీకు ఎక్కదండీ, మీ ఆవిడగారికి పట్టుకెళ్లండి" అనేవాడు. ఆ మాట తప్పితే రేపటి అద్దె పోతుంది. అందుకే తప్పేది కాదు.

ఆ పుస్తకాల్ని దగ్గరగా చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. అట్ట ఊడిపోయి, దాని బదులు పాత క్యాలెండరు కాగితం అంటించి ఉండేది. లోపల అంచుల్లో పెన్సిలుతోనూ బాల్‌పెన్నుతోనూ ముందరి పాఠకుల తీర్పులు ఉండేవి. 'సూపర్', 'సోది', '60 నుంచి 85 దాకా వదిలెయ్', 'ఈ రచయితకి పెళ్లి కాలేదనుకుంటా'. కింద ఇంకొకరి చేతిరాతలో 'అయింది, అందుకే ఇలా రాశాడు'. డిటెక్టివ్ నవలైతే ఓ పుణ్యాత్ముడు మూడో పేజీలో డాక్టరు పేరు కింద గీత గీసి 'వీడే' అని రాసిపెట్టేవాడు. దుర్మార్గమే, కాదనను. కానీ ఆ రాసినవాడికి రచయితతో చుట్టరికం లేదు, సన్మానం మీద ఆశ లేదు, తన ఫొటో పదిమందీ చూడాలన్న తపనా లేదు. పుస్తకం మొత్తం చదివాడు, ఇదొక్కటీ ఖాయం. ఇవాళ పేరున్న సమీక్షకుల్లో ఎందరి గురించి ఆ మాట గుండె మీద చెయ్యేసి చెప్పగలం?

ఇప్పటి పద్ధతి వేరు. ముందు ఆవిష్కరణ సభ. వేదిక మీద అరడజను మంది, కింద వాళ్ల బంధువులు. మొదటి వక్త మైకు పట్టుకుని, "పుస్తకం నిన్న రాత్రే అందింది, పూర్తిగా చూసే అవకాశం కలగలేదు" అని మొదలెట్టి ముప్పావుగంట దాని గొప్పతనం చెబుతాడు. పుస్తకం అందకపోయుంటే గంటన్నర చెప్పేవాడు. శాలువాలయ్యాక అందరూ పుస్తకాన్ని గుండెలకు ఆనించి ఫొటో దిగుతారు. ఆ ఫొటో పెద్దది చేసి చూడండి. అట్ట మీద తళతళ మెరిసేది లామినేషన్ కాదు, ఇంకా చించని ప్లాస్టిక్ కవరు. మర్నాటికల్లా అదే పుస్తకం 'ఈ ఏడాది తప్పక చదవాల్సిన పది నవలలు' జాబితాకెక్కుతుంది. ఏడాదేమో ఇంకా మార్చిలోనే ఉంటుంది.

పెళ్లి పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని, ఎవరెంత చదివించారో నోటుపుస్తకంలో రాసుకునే పెద్దమనిషి ఉంటాడు చూశారూ, సాహిత్యలోకంలోనూ అలాంటి పుస్తకం ఒకటి నడుస్తోంది. ఫలానా ఆయన మన నవలకు 'అద్భుతం' చదివించాడు. ఆయన నవల వచ్చినప్పుడు మనం అంతకు తగ్గకూడదు, కుదిరితే 'మహాద్భుతం' వెయ్యాలి. 'బాగుంది' అని నూటపదహార్లతో సరిపెడితే మరుసటి సభలో కుర్చీ రెండో వరసకు జరుగుతుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు, తిరువూరులో 300 పెట్టి కొన్నవాడికి తప్ప. వాడు ఏ లెక్కలోనూ లేడు. వాడిది భోజనం చెయ్యని వట్టి చదివింపు.

చదవకుండా మెచ్చుకున్నవాళ్లు దొరికిపోవడమూ ఉంటుంది లెండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో గెలిచింది. ఉద్యోగం దొరకని ఇంజినీరింగు కుర్రాడు గొర్రెల వెంట నల్లమల ఎక్కే కథ. రెండేళ్లపాటు సాటి పాఠకులకు ఆ ఊసు లేదు. 2021లో క్రిష్ దాన్ని సినిమాగా తీశాక ఒక్కసారిగా అందరూ ఎప్పుడో చదివేసినవాళ్లయ్యారు. అందులో ఓ పెద్దాయన, "నవలలో ఓబులమ్మ ప్రేమకథ ఎంత సున్నితంగా నడిపాడండీ, సినిమాలో అంత లేదు" అన్నాడు. ఓబులమ్మ నవలలో లేదు మహాప్రభో, సినిమా కోసం పుట్టింది. ఆయనకు చెప్పలేదు. నవలకు తనే కొత్తగా ఓ పాత్రను చేర్చిన పాఠకుణ్ని నిరుత్సాహపరచడం ఎందుకు?

చదవమని చెప్పడం ఎలాగో గ్రంథాలయోద్యమం వాళ్లను చూసి నేర్చుకోవాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలోకి పుస్తకాలెత్తి, పెదపాలెం, కొల్లూరు కాలవ మీద ఊరూరా తిప్పారు. ఫలానాది చదవండి అంటే చేతికిచ్చి అనేవారన్నమాట. ఇప్పుడు సిఫారసులు పడవలు పడవలుగా దిగుతున్నాయి, పుస్తకమే రాదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం గదా, ఈ మహాద్భుతాల్లో ఒక్కటైనా లైబ్రరీకి తెప్పించమని అర్జీ రాసిన సిఫారసుదారుణ్ని చూపించండి. అర్జీ రాయాలంటే రచయిత పేరు, ప్రచురణకర్త పేరు తెలియాలాయె, దానికి అట్ట వెనక్కి తిప్పాలి.

కాబట్టి సాటి పాఠక మహాశయులారా, నాదొక్కటే విన్నపం. ఇకమీదట ఏ నవలైనా నన్ను చదవమంటే, మీ ప్రతి ఓ వారం నాకు అరువియ్యండి. ప్లాస్టిక్ కవరు మీరే చించి, మొదటి పదిహేను పేజీలైనా కాస్త నలిపి మరీ ఇయ్యండి. బోసుబొమ్మ సెంటర్లో ఏ టీకొట్టు దగ్గరైనా సరే, వచ్చి తీసుకుంటాను. నచ్చితే మీ పేరు చెప్పి నలుగురితో కొనిపిస్తాను. నచ్చకపోతే మూడో పేజీలో ఎవరి పేరు కిందో గీత గీసి తిరిగిస్తాను, పెన్సిలు నా దగ్గరే ఉంది. మీరెలాగూ తెరవరు గనక మీకొచ్చే నష్టమేం లేదు.