కోళ్ల గూడు మీది తెరచాప

తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ తెరచాప ‘నేను’ అనదు. పడవల షెడ్డులో ఉన్నన్నాళ్లూ అందరూ ‘ఇది’, ‘దాన్ని’ అనే పిలిచారు. ఆ అలవాటే మిగిలింది. ఇప్పుడు దీని కాపురం శామీర్‌పేట చెరువు దాపున, ఒక కోళ్ల గూడు మీద.

పుట్టుక గురించి చెప్పేంత లేదు. పాలిస్టర్ బట్ట, సుమారు 3.3 చదరపు మీటర్లు, నాలుగు మూలలు. పదిహేనేళ్ల వరకు పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవకు కుట్టారు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపం దిద్దిన 35 కిలోల బుల్లి పడవ అది.

దీని గొప్పంతా పందేనికి ముందు గంటలోనే. జూలైలో మాన్‌సూన్ రెగట్టా పడవ పందేలంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డు తెల్లారకముందే లేచేది. పడవ నిలువు కొయ్యకూ తెరచాపకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదని నియమం. అందుకే ఒక్కో తాడు ముడి విప్పి, కట్టి, మళ్లీ విప్పేవారు. అసలు పరీక్ష స్ప్రిట్‌ది. పై మూలను ఎత్తిపట్టే ఏటవాలు కర్ర అది. వదులైతే కొయ్య పక్క పై మూల నుంచి వెనక కింది మూలకు ముడత పడుతుంది. మరీ బిగిస్తే కర్ర ఎత్తిన కొన నుంచి కొయ్య మొదట్లోకి ఇంకో ముడత.

“సార్, గాలి లేస్తాంది. స్ప్రిట్ జర బిగించాల్నా?”

“నన్నెందుకడుగుతవ్? నీళ్లల్లకు పోయి చూడు.”

చూడటమంటే రెండు పడవలు పక్కపక్కన నడపడం. ఒకటి ఉన్నట్టే ఉంటుంది, రెండోదాంట్లో ఒక్క తాడే మారుస్తారు. ఏది ముందుకు జరిగిందో అదే జవాబు. చుట్టూ కట్టడాలున్న చెరువు కాబట్టి గాలి ఇటు కొట్టి అటు తిరుగుతుంది. ఒడ్డున కుదిరిన లెక్క నడిమధ్యలో తప్పేది.

ఈమధ్య వింగ్ ఫాయిలింగ్ అనే ఆట వచ్చిందట. చేత్తో పట్టుకునే గాలి నింపిన రెక్క, బల్ల కింద నీళ్లలో ఇంకో రెక్క. వేగం అందుకుంటే బల్ల నీటిమీంచి లేస్తుంది. గాలి తగ్గితే పెద్ద రెక్క, పెరిగితే చిన్నది. ఆడేవాళ్లు రకరకాల సైజులవి తెచ్చుకుని పందేనికి ముందు మార్చి మార్చి చూస్తారట. అదృష్టవంతులు! హుస్సేన్‌సాగర్‌లో మెల్లగాలికీ హోరుగాలికీ ఇదొక్కటే దిక్కుగా ఉండేది. అయినా ఆ చెరువులో గుర్రపుడెక్క చుట్టుకుంటే ఆ కింది రెక్క గతేమిటో.

ఇక దీని కడుపుమంట. పొద్దున మిల్లీమీటర్లు కొలిచిన చేతులే పందెం అయ్యాక దీన్ని కొయ్యకే వదిలేసి బిర్యానీ పొట్లాల దగ్గరికి పరిగెత్తేవి. మధ్యాహ్నమంతా పటపట కొట్టుకునేది. తెరచాపను చంపేది తుఫాను కాదు, ఊరికే కొట్టుకోవడం. ఆ కొట్టుకోవడానికే బట్టలోని గట్టిదనం పోతుంది. ఎండ దారాలను కొరుకుతుంది. కొన్నిసార్లు తడిగానే చుట్టి, మడతల మీద డబ్బాలు పేర్చేవారు. నాలుగు సీజన్లకు బట్ట మెత్తబడి పొట్ట సాగింది. ఎంత బిగించినా పడవ వెనకబడేది. “దీన్ల దమ్ములేదు సార్” అన్నాడు ఒక పిల్లాడు. ముడి వెయ్యడం వాడికి ఈ తెరచాప మీదే వచ్చింది.

షెడ్డు సర్దిన రోజు మేడ్చల్‌లో పాత సామాన్ల దుకాణానికి చేరింది. కిలో లెక్కన కూడా ఎవరూ అడగలేదు. చివరికి శామీర్‌పేట నుంచి వచ్చిన ఒకాయన పరదాకు పనికొస్తుందని ఊరికే పట్టుకెళ్లాడు. ప్లాస్టిక్ తాడుతో గూటికి కట్టాడు. సందులా? అరచెయ్యి పడుతుంది.

ఎదుటి పడవలు కనిపించడానికి కుట్టిన పారదర్శక కిటికీ ఇంకా ఉంది. అందులోంచి ఒక పెట్ట రోజూ బయటికి చూస్తుంది. సాయంత్రం చెరువు మీంచి గాలి తిరిగితే పై మూల నుంచి కింది మూలకు ఆ పాత ముడతే పడుతుంది. తాడు ఇంకో అంగుళం లాగితే పోతుంది. కోళ్లకు మేత వేసి ఆయన లోపలికి వెళ్లిపోతాడు.